గేటుగది కిటికీలోంచి కనబడేది

టికియాపారా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఈ తెలుగు అక్షరాలు తడుముకోకుండా చదవగలిగేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. చదవలేనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లచేత చదివించుకుని వినండి. మధ్యలో వాళ్లు విసుక్కుంటే చివరిదాకా చదవమని నేను చెప్పానని చెప్పండి. గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదిది. గొప్ప చెప్పుకోవాలంటే నా దగ్గర వేరే సంగతులున్నాయి.

నేను హౌరా వైపున్న ఒక రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు పెయింటరుగా పనిచేశాను. మా నాన్న డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. మొదట సున్నం బకెట్టు మోయించారు. తర్వాత బ్రష్షు చేతికిచ్చారు. నా చెయ్యి వణకదని కనిపెట్టాక అక్షరాలు రాయడానికి పెట్టారు. వ్యాగన్ల మీద నంబర్లు, బోగీల మీద ఊళ్ల పేర్లు, పొగ తాగరాదు, తల బయట పెట్టరాదు లాంటి బుద్ధులు అన్నీ రాశాను. నేను తప్ప ఎవరూ వాటిని శ్రద్ధగా చదివి ఉండరు. చివరికొచ్చేసరికి అక్షరాలన్నీ స్టిక్కర్లయిపోయాయి. చేతిలో బ్రష్షుంది గానీ రాయడానికి బండి లేదు.

రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుందనగా ఈ బొమ్మ రైల్వే పని వచ్చింది. మా వర్క్‌షాపు పక్కన ఒకప్పుడు ఒక యార్డూ, దాని చివర రోడ్డు మీద రైలు గేటూ ఉండేవి. ఇప్పుడక్కడ ఫ్లైఓవరుంది. ఆ యార్డునీ గేటునీ నలభై ఏళ్ల కిందట ఉన్నవి ఉన్నట్టుగా చిన్నగా చేసి, పాత స్టోర్సు షెడ్డులో ప్రదర్శనకి పెట్టాలని పైనుంచి ఆర్డరు. పని చూడడానికి ఒక ఇంజనీరు మేడంని వేశారు. వరంగల్ అమ్మాయి, ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయి. మొదటిరోజు గీతలు కొట్టే దారం చిక్కుపడితే నేను తిట్టుకుంటుంటే విని వెనక్కి తిరిగింది.

"అమ్మా, మీరు తెలుగోళ్లా? ఇక్కడికొచ్చి రెండేళ్లయితున్నది, ఆఫీసుల తెలుగు తిట్టు వినుడు ఇదే మొదలు."

"ఏటమ్మా, మా తిట్లు మీకు తెలుగులాగే వినబడ్డాయా?" అన్నాను. అక్కడితో మాకు కుదిరింది.

లెక్క చాలా తేలిక. ఆరడుగుల మనిషి మా బొమ్మలో ఒక్క అంగుళం. డెబ్భై అడుగుల బోగీ దాదాపు ఒక అడుగు. మనిషి పట్టే గేటుగది నా అరచేతిలో కూర్చుంటుంది. మాకు దొరికిన ఒకే ఒక్క మంచి ప్లాను ఆ గేటు దగ్గర జరిగిన ఒక ప్రమాదం మీద ఎంక్వైరీ చేసినవాళ్లు గీయించినది. అడుగడుగూ కొలిచి గీసిన ప్లాను. దాన్ని బల్ల మీద పరిచి మేడం సంతోషపడింది. నేను అటువైపు ఎక్కువ చూడలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

పనిలో నాతో ఇద్దరు. ఒకాయన బెంగాలీ వడ్రంగి, అందరికీ దాదా. తన ఉలిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. మనిషి మాత్రం వెన్న. రెండో ఆయన ఏక్‌బాల్‌పూర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే టర్నరు, లేత్ మిషన్ మీద లోహం చెక్కే మనిషి. ఆయన్ని భాయ్ అనేవాళ్లం. ఇంజన్లూ చక్రాలూ రోడ్డు మీది బళ్లూ ఆయన పని. ముక్కు గుండ్రంగా ఉండే పాత లారీలు, ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సు, చేత్తో లాగే రిక్షాలు, సరుకు మోసే ఠేలాబళ్లు, నల్లగా పైన పసుప్పచ్చగా ఉండే అంబాసిడర్ టాక్సీ, అన్నీ రేకూ ఇత్తడీ కోసి చేశాడు. బస్సు మెట్ల దగ్గర వేలాడే కండక్టరు చేతిలో టికెట్ల కట్ట కూడా ఉంది.

టాక్సీ మాత్రం ఎంత చేసినా పెద్దదే అయ్యేది. లారీ పక్కన పెడితే లారీయే చిన్నబోయింది. మేడం కొలిచి చూపించింది. భాయ్ మళ్లీ చేశాడు. మళ్లీ పెద్దదే. మూడోసారి దాదా నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయాడు. భాయ్ టాక్సీని చేతిలో తిప్పుతూ, "మా అబ్బా టాక్సీ నడిపేవాడు మేడం. ఆ బండిలో మేం తొమ్మిదిమంది పట్టేవాళ్లం. అది ఇంత చిన్నదెలా అవుతుంది?" అన్నాడు. ఆ తర్వాత మేడం తనే కొలతలు గీసిచ్చింది, భాయ్ ప్లాను చూసి చేశాడు, నాన్నని తలుచుకోకుండా.

నా తప్పు దానికంటే పెద్దది. కాకపోతే చాలాకాలం ఎవరికీ కనబడలేదు.

రంగులు నావి. ఒంటివెంట్రుక లాంటి బ్రష్షుతో, భూతద్దం కింద, వ్యాగన్ల మీద ఆవగింజంత అంకెలు రాశాను. బోగీలకి మూడు పూతలు, పైన వార్నిష్. గేటు కర్రకి ఎరుపూ తెలుపూ. పట్టాల పక్క రాళ్లకి సున్నం. గేటుగది గోడ పాలలా తెల్లగా. లంచ్ టైములో వర్క్‌షాపు జనం గుంపులుగా వచ్చి చూసి, "దారుణ్, దీదీ!" అని, అంటే బెంగాలీలో అద్భుతం అని, మెచ్చుకుని పోయేవాళ్లు. ఫోర్మన్లు చూశారు, క్లర్కులు చూశారు, యూనియన్ వాళ్లు కూడా చూసి ఒక్క తప్పూ పట్టలేదు. నాకు నేల మీద కాలు ఆగలేదు.

అప్పుడు మేడంకి ఒక ఆలోచన వచ్చింది. ఆ యార్డులో పనిచేసి రిటైరైన పాతవాళ్లని పిలిచి, ఏది ఎక్కడుండేదో అడిగితే మంచిదంది. ఆఫీసువాళ్లు నలుగురైదుగుర్ని పట్టుకొచ్చారు. చివరగా వచ్చినాయన్ని చూసి నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆ గేటు దగ్గర పదకొండేళ్లు పనిచేసిన గేట్‌మాన్. మావాళ్లే, టెక్కలి దగ్గర ఊరు. మా నాన్నకి స్నేహితుడు. చిన్నప్పుడు నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. పెద్దయ్యాక పిలవడానికి ఎదురుపడితే కదా.

ఆయన సంగతి మీకు చెప్పాలి. నలభై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఆయన డ్యూటీలో ఉండగా, వెనకనుంచి ఇంజను నెడుతున్న వ్యాగన్లు యార్డులోంచి వచ్చి, తెరిచి ఉన్న గేటులో ఒక లారీని కొట్టాయి. లారీ డ్రైవరుకి కాలు పోయింది. ఎంక్వైరీలో బాబాయ్ చెప్పింది ఒకటే మాట. గేటుగది పక్కన పాత స్లీపర్లు, అంటే పట్టాల కింద వేసే చెక్క దిమ్మలు, గుట్టగా పడేశారు, నెలల తరబడి తియ్యలేదు, దాని వెనకనుంచి వచ్చే వ్యాగను నాకు కనబడలేదు, ఇంజను వెనకుంది గనక చప్పుడూ వినబడలేదు అన్నాడు. ఎంక్వైరీవాళ్లు గేటుగది గుమ్మంలో నిలబడి చూశారు. గుట్ట లేదు. యార్డు ఆ చివరిదాకా నున్నగా కనబడుతోంది. నిర్లక్ష్యం అని ఒకటి రాశారు, పై అధికారులకి అబద్ధం చెప్పాడని ఇంకోటి రాశారు. గేటునుంచి తీసేసి బోగీలు కడిగే పనిలో వేశారు. రిటైరయ్యేదాకా కడిగాడు. జనం ఆయనకి ఝూటాగేటు, అంటే అబద్ధాల గేటు, అని పేరు పెట్టారు. ఆయనుండే సందుని కూడా ఝూటాగేటు గల్లీ అంటారు. మీలో చాలామంది ఆ సందులో క్రికెట్ ఆడే ఉంటారు. ఆ పేరెందుకొచ్చిందో ఎప్పుడైనా అడిగారా?

బాబాయ్ మా బల్ల చుట్టూ కర్ర ఊతగా మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. ఎనభై దాటిన మనిషి, కళ్లు మాత్రం బాగా ఉన్నాయి. గేటుగది దగ్గర ఆగి వంగాడు.

"బాగున్నాది," అన్నాడు. "శానా బాగున్నాది. ఇది సాబొచ్చిన రోజు కదేటి?"

మేడంకి అర్థం కాలేదు. "ఏ సాబు, తాతా?"

"ఎవులైతేనేటమ్మా. సాబొచ్చిన రోజే ఇలగుంటాది. గేటు మెరిసిపోతాది, రాళ్లకి సున్నం, గెడ్డి నేదు, సెత్త నేదు. నాను పదకొండేళ్లు ఆ గదిలో కూసున్నాను. ఇలగ ఓ పది రోజులు సూసుంటాను. మిగతా రోజులు ఎక్కడున్నాయి?"

నా వైపు చూడకుండా, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

వర్క్‌షాపులో పనిచెయ్యనివాళ్లకి ఇది అర్థం కావడానికి ఒక మాట చెప్పాలి. మాకో జబ్బుంది. పెద్ద సాబు, అంటే పై అధికారి, వస్తున్నాడంటే చాలు, ఎవరూ చెప్పకుండానే చేతులు లేస్తాయి. గడ్డి కోస్తాం, తుక్కు కనబడకుండా తోస్తాం, కదలని ప్రతిదానికీ సున్నం వేస్తాం. ఒకసారి పడుకున్న కుక్క తోకకి కూడా సున్నం తగిలింది. సాబు వెళ్లాక తుక్కు మళ్లీ తన చోటికొస్తుంది. వచ్చిన ఏ సాబూ మా యార్డుని నిజంగా చూడలేదు. మేం చూడనివ్వలేదు.

ఆ ఎంక్వైరీ వాళ్లు వస్తున్నారని రెండు రోజుల ముందు తెలిసింది. ఇక మామూలే. పట్టాలు బాగుచేసే గ్యాంగు వాళ్లు దిమ్మలన్నీ మోసి షెడ్డు వెనక పడేశారు. గేటుకి కొత్త పెయింటు, రాళ్లకి సున్నం. గుట్ట ఉన్నచోట గడ్డి పాలిపోయి, నేల మీద చాప పరిచినట్టు పెద్ద మచ్చ కనబడింది. అది చూడ్డానికి బాగా లేదని ఫోర్మన్ ఒక కొత్త పిల్లని పిలిచి, బొగ్గు బూడిద తెచ్చి దానిమీద చల్లమన్నాడు. ఆ పిల్లని నేనే. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఎనిమిది బుట్టల బూడిద చల్లి, చీపురుతో సాపు చేశాను. ఎవరూ కుట్ర చెయ్యలేదు. బాబాయ్ మీద ఎవరికీ పగ లేదు. సాబు వస్తున్నాడు, శుభ్రం చేశాం, అంతే. మర్నాడు బాబాయ్ అక్కడే గుట్ట ఉండేదని చెప్తుంటే మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. నేనూ నిలబడ్డాను. నా ఉద్యోగం పోతే ఇంట్లో అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ. భయపడ్డాను. నోరు తెరవలేదు. ఆ తర్వాత భయం పోయింది గానీ, తెరవడానికి సిగ్గేసింది. ఆ గల్లీలోంచి నడవడం మానేసి దాదాపు నలభై ఏళ్లు చుట్టూ తిరిగి వెళ్లాను.

ఇప్పుడు ఆ ఎంక్వైరీ ప్లానే మా బల్ల మీదుంది. దానిమీద నేను నా చేత్తోనే మళ్లీ సున్నం వేశాను. మర్నాడు పొద్దున్నే వెళ్లి మేడం కుర్చీ ఎదురుగా నిలబడ్డాను.

"మేడం, బొమ్మలో స్లీపర్ల గుట్ట పెట్టాలి."

"ప్లాన్ల లేదు కదమ్మా. గుట్ట గిట్ట ఏం లేదని నోట్ కూడ రాసిన్రు."

"లేదు. ఎందుకంటే ముందురోజు తీసేశాం."

"మీరు చూసిన్రా?"

"చూడడం కాదు. మచ్చ కనబడకుండా బూడిద చల్లింది నేనే."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"భయం. తర్వాత సిగ్గు. వేరే కారణం ఏదైనా ఉంటే చెప్పేదాన్ని, లేదు."

"ఈ మాట రాసిస్తరా? రెండేండ్లల్ల రిటైర్మెంట్ ఉన్నది మీకు. రేపు మిమ్మల్నే అడుగుతరు, అప్పుడెందుకు దాచినవని. నేను అడ్డం పడలేను."

"కాగితం ఇవ్వండి."

రెండు పేజీలు తెలుగులో రాశాను. మేడం ఇంగ్లిషులోకి దించి టైపు చేయించింది. సంతకం పెట్టి పైకి పంపాం. నాకు చార్జిషీటు వస్తుందని రోజూ ఎదురుచూశాను. ఆరు వారాలకి జవాబొచ్చింది. ఇంత పాత కేసు మళ్లీ తెరవడానికి నిబంధనలు ఒప్పవట. నా వాంగ్మూలం నోట్ చేసుకున్నారట. ఒక మనిషి బతుకంతా ఝూటా అనిపించుకుంటే, చివరికి నోట్ చేసుకున్నారు! కాగితం చింపెయ్యబోతే మేడం లాక్కుంది.

"కేసు మన చేతుల లేదు. బొమ్మ మన చేతులనే ఉన్నది. ఆర్డర్ల ఏమని ఉన్నది? 'ఉన్నది ఉన్నట్టు' అని ఉన్నది. అట్లనే పెడదాం. ఎవరడిగినా నేను జవాబిస్త."

అప్పుడు మొదలైంది అసలు పని. నలభై ఏళ్లు పాతదాన్ని కొత్తగా చేసిన చెయ్యి, కొత్తదాన్ని పాతగా చెయ్యమంటే మొరాయిస్తుంది. మొదటి వ్యాగనుకి తుప్పు వేశాను. దాదా చూసి, "దీదీ, నువ్వు మురికిని కూడా లైన్లో నిలబెట్టావు" అన్నాడు. నిజమే, తుప్పు మరకలన్నీ ఒకే ఎడంలో, ఒకే సైజులో ఉన్నాయి. కోపమొచ్చి మొత్తం గీకేశాను. ఆ తర్వాత పదిహేను రోజులు బ్రష్షు ముట్టుకోలేదు. నిజం బళ్ల చుట్టూ తిరిగాను. తుప్పు బోల్టు దగ్గర పుట్టి కిందికి కారుతుంది. లారీ దుమ్ము చక్రం వెనక ఎక్కువ. బస్సుకి కిళ్లీ ఉమ్ములన్నీ ఒకవైపే, కిటికీల కింద. టాక్సీ డోరు హ్యాండిల్ చుట్టూ మాత్రం పెయింటు అరిగి మెరుస్తుంది. ఇవన్నీ నలభై ఏళ్లు కళ్లముందే ఉన్నాయి. చూస్తే తుడిచెయ్యాలనిపించేది గనక ఎప్పుడూ చూడలేదు.

వార్నిష్ అంతా గీకాను. టీకొట్టు పొయ్యి బూడిద పల్చటి గుడ్డలో జల్లించి, పొడి బ్రష్షుతో అద్దాను. భాయ్ తన బస్సు మీద దుమ్ము పడుతుంటే చూడలేక మొహం తిప్పుకునేవాడు. గడ్డికి దాదా విగ్రహాలు చేసేవాళ్ల దగ్గర్నుంచి జనపనార తెచ్చాడు. అమ్మవారి జుట్టుకి వాడేది. దాన్ని రంగులో ముంచి ముక్కలు చేసి పట్టాల మధ్య నాటాం.

గుట్ట ఎంత ఎత్తుండేదో బాబాయ్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఆ గల్లీలోకి నడిచి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అడగ్గానే లేచి నిలబడి, చెయ్యి తల మీంచి జానెడు పైకెత్తాడు.

"ఇంత. గుమ్మం కాడ నిలబడితే ఎడంపక్క పది అంగలు. అయినా నీకెందుకమ్మా, సాబులు ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోతే పోనీ బాబాయ్, పెడతాను," అన్నాను. బూడిద సంగతి మాత్రం చెప్పకుండానే వచ్చేశాను. కాగితం మీద రాయడానికి వచ్చిన ధైర్యం ఆ మొహం ముందు రాలేదు.

రెండు అగ్గిపుల్లలు పక్కపక్కన అంటించి తల కోసేస్తే మా కొలతకి సరిగ్గా ఒక దిమ్మ. అలా నాలుగొందల దిమ్మలు చేశాను. చెత్తగా పేర్చాను, మధ్యలో రెండు జారిపోయినట్టు కూడా. దాదా తన ఆలోచనగా గేటుగదిని బల్ల అంచుకి జరిపి, వెనక గోడకి బఠాణీ గింజంత కన్నం పెట్టాడు. అక్కడ కన్ను ఆనిస్తే కిటికీలోంచి గేట్‌మాన్ చూసేదే మీకూ కనబడుతుంది. భాయ్ గుట్ట వెనకున్న పట్టాలకి మోటారు అమర్చాడు. బటన్ నొక్కితే ఇంజను ఐదు వ్యాగన్లని నెట్టుకుంటూ గేటు మీదికొస్తుంది.

కన్నంలోంచి నేను మొదటిసారి చూసినప్పుడు, వ్యాగన్లు ఎక్కడున్నాయో తెలిసి కూడా ఉలిక్కిపడ్డాను. దిమ్మలు తప్ప ఏమీ లేదు, ఏమీ లేదు, అంతలో గేటు మధ్యలో వ్యాగను. బాబాయ్‌కి దొరికిన వ్యవధి రెండు సెకన్లు.

ప్రారంభోత్సవం ఒక సోమవారం పదకొండింటికి. పెద్ద సాబు వస్తున్నాడు. నేను ఏడింటికే షెడ్డు తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయాను.

బొమ్మ అద్దంలా మెరుస్తోంది. ఆదివారం సాయంత్రం ఎవరో సూపర్‌వైజరు హాలు చివరిసారి చూడ్డానికొచ్చి, ఇంత దుమ్మేమిటని హడలిపోయి, క్లీనింగ్ వాళ్లని పెట్టి మొత్తం తుడిపించాడు. బోగీలకి పాలిష్ స్ప్రే కొట్టించాడు. గడ్డి పీకించాడు. అగ్గిపుల్లల గుట్టని చెత్త అనుకుని ఊడగొట్టించి, ఆ చోటు కనబడకుండా ఆకుపచ్చ కాగితం ముక్క అతికించాడు. పాపం, మంచి ఉద్దేశమే. సాబు వస్తున్నాడు కదా.

అప్పుడు వచ్చిన కోపం నా జన్మలో ఇంకెప్పుడూ రాలేదు. ఆ సూపర్‌వైజరు మీద కాదు. ఇరవై ఏళ్ల వయసులో బూడిద బుట్ట మోసిన ఆ పిల్ల మీద.

దాదా వచ్చేసరికి చెత్తడబ్బా బోర్లించి దిమ్మలు ఏరుతున్నాను. ఆయన చొక్కా విప్పి కొయ్యకి తగిలించి పక్కన కూర్చున్నాడు. భాయ్ రాగానే పాలిష్ మీద బూడిద నిలవదని చెప్పి, బస్సునీ లారీలనీ టాక్సీనీ సబ్బునీళ్లలో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మెరుపంతా తీశాడు. మొహం తిప్పుకోలేదు ఈసారి. మేడం తొమ్మిదింటికొచ్చింది. పట్టుచీర కట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి, కొంగు నడుముకి చుట్టి, "నాకేం పని చెప్తరు?" అంది. దిమ్మలు అతికించమన్నాను. నాలుగొందలకి రెండొందల డెబ్భై దొరికాయి. మిగతావాటికి టీకొట్టు నుంచి అగ్గిపెట్టెలు తెప్పించాం. సూపర్‌వైజరు పదింటికి వచ్చి నెత్తి బాదుకున్నాడు.

"దీదీ, ఏం చేస్తున్నారు? పెద్ద సాబు వస్తున్నారు!"

"అందుకే," అన్నాను. "ఈసారి చూసి వెళ్తాడు."

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా చివరి దిమ్మ పెట్టాను. జిగురు ఇంకా తడిగానే ఉంది. నా చేతులు మోచేతులదాకా బూడిద. మేడం చీర అంచుకి రంగు.

పెద్ద సాబు రిబ్బను కోసి బల్ల దగ్గరికొచ్చాడు. వెనక పాతిక మంది. డబుల్ డెక్కర్ చూసి, చిన్నప్పుడు తనూ అందులో స్కూలుకెళ్లానన్నాడు. మేడం ఆయన్ని గేటుగది దగ్గరికి తీసుకెళ్లి, కన్నంలోంచి చూడమంది. వంగాడు. మేడం బటన్ నొక్కింది.

"ఏం కనబడుతున్నది సర్?"

"చెక్క దిమ్మలు. రోడ్డు మీద లారీ. బండి ఏది? ఎప్పుడొస్తుంది? ఇంకా... అరె!" తల చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఎక్కణ్నుంచొచ్చింది?"

"అది మొదట్నుంచీ వస్తనే ఉన్నది సర్," అంది మేడం. "గేట్‌మాన్‌కి కూడ ఇంతే కనబడింది. ఆయన వచ్చిండు, అక్కడ ఉన్నడు."

జనం పక్కకి జరిగారు. గోడ పక్క కుర్చీలో బాబాయ్, మేడం కబురు పెడితే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెద్ద సాబు ఆయన దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని ఏదో మాట్లాడాడు. నిబంధనలు మార్చలేదు, మార్చలేడు. కానీ తిరిగొచ్చి తన వెనకొచ్చిన ఆఫీసర్లందర్నీ ఒక్కొక్కరినీ ఆ కన్నంలోంచి చూడమన్నాడు. వరసలో నిలబడి చూశారు. ఒక్కొక్కరూ తల వెనక్కి లాక్కున్నారు. తర్వాత అందరూ హాలు ఆ చివర టీలకి కదిలారు.

నేను వెళ్లి బాబాయ్ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు.

"బాబాయ్, ఆ రోజు గుట్ట మచ్చ మీద బూడిద చల్లింది నేనే."

"తెలుసు," అన్నాడు.

నేను తలెత్తి ఆయన మొహంలోకి చూశాను.

"నాను గదిలోంచి సూత్తనే ఉన్నాను కదేటి. బుట్ట నీకంటే పెద్దది. ఎంక్వైరీలో అడిగినారు, గుట్ట ఉన్నాదనడానికి సాచ్చీకం ఎవులున్నారని. నీ పేరు సెప్పేద్దునా అనుకున్నాను. మీ నాన పోయి ఏడాది కానేదు. సెప్తే నీ ఉజ్జోగం పోద్ది. ఎవులూ నేరని సెప్పీసినాను."

నలభై ఏళ్లు ఆ మనిషి ఎదురుపడకుండా నేను చుట్టూ తిరిగాను. ఆయన ఆ బతుకు మోసింది నా వల్ల కాదు, నా కోసం. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన కర్రతో నా భుజం మీద చిన్నగా తట్టాడు.

"ఏడుపెందుకు? ఇప్పుడు నీ ఉజ్జోగం ఎవులూ పీకలేరు కదా. నాకు సెప్తే ఏటి లాభం, నాకెప్పుడో తెలుసు. లెగు. ఆలకి సెప్పు."

లేచాను. కళ్లు తుడుచుకుంటే మొహమంతా బూడిదయింది. హాలు మధ్యకెళ్లి నిలబడి, టీ కప్పులతో ఉన్న పాతిక మందీ ఇటు తిరిగేంత గట్టిగా, బెంగాలీలో, నా పేరు చెప్పి మొదలుపెట్టాను.